గుమ్మం మీద పెన్సిల్ గీత

పుణ్యవతిగారి పుట్టింటివాళ్లూ మెట్టినింటివాళ్లూ గుమ్మం తలకు తగిలేంత పొడుగు. కోడలు నీహారిక వంటింట్లో పై అర అందుకోవాలంటే స్టూలెక్కాలి. అందుకే తొమ్మిదేళ్ల మనవరాలు రసజ్ఞ పొట్టిగా ఉంటే ఆ నేరం తల్లిదేనని అత్తగారు ఏనాడో తీర్పిచ్చేశారు. చందానగర్‌లోని ఆ ఫ్లాటులో పిల్ల ఎత్తు కంటే ఎత్తిపొడుపులే ఏపుగా పెరిగాయి!

ప్రతి పుట్టినరోజుకూ పిల్లను పడగ్గది గుమ్మానికి ఆనించి పెన్సిల్ గీత గీయడం ఆ ఇంటి ఆచారం. ఈసారి గీత నిరుటి గీతకు వేలి మందం పైన పడింది. ఏడాదిగా పిల్లకు తన చేత్తోనే తినిపిస్తున్న పుణ్యవతి గెలిచినట్టు నవ్వారు.

"చూశావా? మీ పుట్టింటి పొట్టి జీన్స్‌ని కూడా నా చెయ్యి సాగదీసింది. ఇకనుంచి పిల్ల పడక కూడా నా గదిలోనే."

హైటెక్ సిటీ ఆఫీసులో గంటలు గంటలు మాట్లాడే భర్త రవికిరణ్, ఇంట్లో మాత్రం మ్యూట్‌లోనే ఉన్నాడు. పిల్ల ఇక తనది కాదా అనిపించింది నీహారికకు. కానీ నిరుటి గౌను ఇప్పటికీ సరిగ్గా మోకాలి దాకానే ఉందే!

మర్నాడు పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అత్తగారూ వెంట వచ్చారు. డాక్టరు కొలిచి, నిరుటి కొలతతో పోల్చి చూసి, పిల్ల అసలు పెరగలేదన్నారు.

"తల్లి పొట్టి కాబట్టి పిల్ల కాస్త పొట్టి కావచ్చు. పెరగడమే ఆగిందంటే అది వేరే సంగతి. పరీక్షలు చేద్దాం. సరిగ్గా తింటోందా?"

రసజ్ఞ తల దించుకుంది. "నానమ్మ ముద్ద పెడుతూ అమ్మని తిడుతుంది. నాకు మింగుడు పడదు... బాత్రూంలో ఉమ్మేస్తాను."

ఇంటికి రాగానే పుణ్యవతి మండిపడ్డారు. డాక్టరుది తప్పు కొలతట, గుమ్మం అబద్ధమాడదట. నీహారిక తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చిత్రిక పట్టిన కింది అంచును చూపించింది.

"వేసవిలో మీరు పాత టైల్స్ మీదే కొత్తవి వేయించారు. తలుపు నేలకు రాసుకుంటోందని కింద కోయించి చిత్రిక పట్టించాం. పెరిగింది పిల్ల కాదండీ అత్తయ్యగారూ... నేల."

పుణ్యవతి వంగి ఆ అంచును వేలితో తడిమి చూశారు. రాత్రి పిల్ల కంచం తెచ్చి కోడలి ముందు విసురుగా పెట్టారు.

"నువ్వే పెట్టు. నేను నోరు మూసుకుంటాను."

క్షమాపణ లేదు, చిరునవ్వూ లేదు. ఇద్దరాడవాళ్లూ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. ఆ నిశ్శబ్దంలో పప్పన్నం ముద్ద పిల్ల గొంతు దిగింది.

"అమ్మా, ఇంకో ముద్ద."

పుణ్యవతి అటు తిరిగే, నెయ్యి గిన్నె ఇటు జరిపారు.