మిషన్‌కి కళ్ళుండవు

స్త్రాతీస్ మహాకవి అన్న సంగతి అర్గిరోకి అతని మొహం చూడకముందే తెలుసు. అతను టైపు చేసి పంపే కాయితాలే చెప్పేవి. ముసలాయన దగ్గితే "జ్ఞాపకాల బరువుతో దగ్గాడు" అని రాసే మనిషి మరి ఇంకేమవుతాడు.

లెస్వోస్ దీవిలో మామూలు మనుషుల కథలు పోగుచేసే సంఘం ఒకటుంది. రాజుల కథలు రాయడానికి ఎలాగూ జనం ఎగబడతారు. సబ్బు మరగబెట్టినవాళ్ళ సంగతీ, సార్డీన్ చేపల్ని ఉప్పులో వేసినవాళ్ళ సంగతీ ఎవరికి కావాలి? అర్గిరోకి కావాలి. రెండేళ్ళుగా రికార్డరు పట్టుకుని గడప గడపా ఎక్కి దిగుతోంది. పట్నంలో కూర్చుని ఆ మాటలు టైపు చేసేది స్త్రాతీస్.

సంఘానికి ఒకటే నియమం. రాసింది చెప్పినవాళ్ళకు చదివి వినిపించాలి. వాళ్ళు ఒప్పుకుంటేనే బీరువాలోకి వెళుతుంది. వద్దంటే గొంతుతో సహా చెరిపేయాలి.

ఈసారి మిర్సినీ అవ్వ వంతు వచ్చింది. మూతపడ్డ సబ్బు కార్ఖానాలో బిళ్ళల మీద ముద్రలు వేసిన ఆడపిల్లల్లో మిగిలింది ఆవిడొక్కతే. చదవడానికి కవిగారు స్వయంగా బస్సు దిగారు, ఇస్త్రీ చొక్కాతో. కాఫీ దుకాణం నిండిపోయింది. అందరికీ కార్ఖానా చరిత్ర మీద అంత మక్కువ అనుకునేరు. పక్కవాళ్ళ గుట్టు ఉచితంగా వినొచ్చని వచ్చారు.

పదిహేనో పేజీ దాకా అంతా సవ్యంగానే నడిచింది.

"కార్ఖానా మేస్త్రీ పాండెలీస్‌ని పెళ్ళాడాలని మనసులో ఉండేదా అని అడిగితే, దీర్ఘ మౌనం," అని గొంతు వణికిస్తూ చదివాడు స్త్రాతీస్. "ఆ మౌనంలో సముద్రమంత ప్రేమ."

అవ్వ ఆడపడుచు ఒలింపియా కాఫీ కప్పు టక్కున కింద పెట్టింది. అవ్వ మొహం సున్నంలా తెల్లబడింది.

"అరవై ఏళ్ళు నా థనాసీస్‌తో కాపురం చేశాను నాయనా," అంది. "పోయినవాడి ముందు నన్ను ఇలా నిలబెట్టావా? నా గొంతు ఆ మిషన్‌లోంచి తీసెయ్యండి."

కర్ర పట్టుకుని వెళ్ళిపోయింది.

దుకాణం బయట అర్గిరో అతన్ని నిలేసింది.

"కవిగారూ, ఆవిడ కనుబొమ్మలు పైకెత్తింది. అంటే ఏమిటో ఈ దీవిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. 'కాదు' అని. తమరికి అందులో సముద్రం కనబడిందా?"

"నాకు కనుబొమ్మలు వినబడవండీ," అన్నాడతను. "ఎదురుగా కూర్చున్నది మీరు. 'అవ్వ కాదంది' అని ఒక్క మాట పైకి అంటే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

తప్పు సగం అర్గిరోదే. ఆ సగం ఒప్పుకోవడానికి ఆమెకు రెండు వీధులు నడవాల్సి వచ్చింది. ఆ రెండు వీధులూ అతను వెనకాలే నడిచాడు, నోరెత్తకుండా. కవికి అది చిన్న విషయమేమీ కాదు.

అవ్వ గుమ్మంలో ఇద్దరూ తలలు వంచుకుని నిలబడ్డారు. ఎవరొచ్చినా పెట్టే అత్తిపళ్ళ మిఠాయి పెట్టలేదంటే కోపం ఇంకా తగ్గలేదనే. అవ్వ తీర్పు చెప్పింది. మొదటినుంచీ మళ్ళీ చెబుతుందట. అమ్మాయి అడగాలి, అబ్బాయి పక్కనే కూర్చుని, నోరు చెప్పనిది కళ్ళతో చూసి రాసుకోవాలి. అప్పటికీ నచ్చకపోతే చెరిపేయడమే.

తొమ్మిది సాయంత్రాలు పట్టింది. స్త్రాతీస్ బుద్ధిగా వచ్చాడు, బుద్ధిగా రాశాడు. నాలుగో రోజుకి మిఠాయి వచ్చింది. ఆరో రోజుకి అర్గిరో, స్త్రాతీస్‌ల మధ్య 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది, ఎవరు ముందు అన్నారో ఇద్దరికీ గుర్తులేదు.

మళ్ళీ చదివే రోజు కాఫీ దుకాణంలో కుర్చీలు చాలలేదు.

"పాండెలీస్‌ని పెళ్ళాడాలని ఉండేదా? అవ్వ కనుబొమ్మలు పైకెత్తింది. కాదు," అని చదివాడు స్త్రాతీస్. ఒలింపియా కళ్ళు తుడుచుకుంది. అక్కడ ఆపితే బాగుండేది. టైపు చేసిన చెయ్యి ఆగలేదుగా. "అర్గిరో జుట్టు చెవి వెనక్కి తోసుకుంది."

ఎవరో ముసిముసిగా నవ్వారు. తరవాతి పేజీలో అర్గిరో పెన్ను కొరికింది. ఆ తరవాతి పేజీలో అర్గిరో నవ్వితే ఎడమ బుగ్గ సొట్టపడింది. కార్ఖానా అగ్గిపాలైన రోజు గురించి అవ్వ చెబుతున్నచోట కూడా అర్గిరో పచ్చ రంగు గౌను వేసుకునే ఉంది. చదువుతున్న కొద్దీ స్త్రాతీస్ చెవులు టమాటాల్లా ఎర్రబడ్డాయి. నియమం నియమమే, రాసిందంతా చదవాల్సిందే.

అయ్యాక అవ్వ కాయితాల మీద సంతకం పెట్టింది. ఆ పెన్ను పక్కన పెట్టి, రికార్డరు తన ముందుకి లాక్కుంది.

"ఇప్పుడు నేనడుగుతాను. అమ్మాయ్, ఈ కవిని చేసుకోవడం ఇష్టమేనా?"

అర్గిరో బల్లకేసి చూస్తూ తల కొంచెం పక్కకి వంచింది.

"నోటితో చెప్పవే. మిషన్‌కి కళ్ళుండవు. ఇది టైపు చేసేది మళ్ళీ వీడే."

అర్గిరో రికార్డరు దగ్గరికి వంగింది.

"ఇష్టమే," అంది, ప్రతి అక్షరం విడివిడిగా. "సముద్రం గిముద్రం కలపకుండా రాసుకో."