ముందే చెప్పే గొంతు

ఆ సినిమా హాలు బాల్కనీకి మంచి పేరు లేదు. ఆఖరి వరసలో ఏదో ఉందని... సెకండ్ షో మొదలైతే మాట్లాడుతుందని... అందరూ అనేవాళ్లు. ఊరికే మాట్లాడినా జనం సర్దుకుపోయేవాళ్లే. కానీ తెర మీద జరగబోయేదంతా అది ముందే చెప్పేసేదట! హంతకుడెవరో తెలిశాక ఇంక టికెట్టు దేనికి?

ఇది మా బాబాయి మా పిన్నికి చెబుతుంటే వంటింటి తలుపు చాటున విన్నది. ఎదురెళ్లి అడిగే ధైర్యం నాకెప్పుడూ లేదు. విన్నది విన్నట్టే రాస్తున్నాను.

బాబాయి ఆ హాల్లో ఆపరేటరు. వేసేవన్నీ పాత సినిమాలే. వాటి గురించి తీసినవాళ్లకంటే తనకే ఎక్కువ తెలుసని ఆయన నమ్మకం. ఏ సీను సాగదీశారో ఇట్టే చెప్పేస్తాడు. చెప్పి ఊరుకోడు — కత్తెర తీస్తాడు. పాట పొడవైతే సగం, మరీ పొడవైతే మొత్తం కోసి, కొసలు అతికించి, ముక్క డబ్బాలో పడేస్తాడు. అంతా సినిమా మీద ప్రేమే! అదేం చిత్రమో, ఆయన బాగుచేసిన ప్రతి సినిమా ఆఖరి బస్సుకి పది నిమిషాల ముందే అయిపోయేది.

జనం బాల్కనీ ఎక్కడం మానేశారు. ఒకరోజు ఓనరు పిలిచాడు.

"ఆపరేటరూ, ఈ శుక్రవారం కూడా పైన ఖాళీగా ఉంటే హాలు మూసేస్తా. గోడౌనుకి అడుగుతున్నారు."

బాబాయికి ఇరవై ఏళ్లుగా ఆ మిషను తప్ప ఇంకో పని చేతకాదు. పిన్నికి చెబితే, "మీకేం భయమండీ? మీ సినిమా కబుర్లు రెండు చెప్పండి, దెయ్యమే పారిపోతుంది" అంది.

గురువారం సెకండ్ షో. రీలు ఎక్కించాడు. మళ్లీ మార్చడానికి ఇరవై నిమిషాలుంది. టార్చిలైటు పట్టుకుని బాల్కనీలోకొచ్చి, ఆఖరి వరసకి ముందు వరసలో కూర్చున్నాడు.

ఐదు నిమిషాలు... ఏమీ లేదు.

అప్పుడు — సరిగ్గా మెడ వెనక —

"ఇప్పుడు గాలొస్తుంది... దీపం ఆరిపోతుంది..."

తెర మీద దీపం ఆరిపోయింది.

బాబాయి వెనక్కి తిరగలేదు. తిరుగుదామన్నా మెడ మాట వినలేదు.

"పిల్ల మెట్లు దిగుతుంది... జడ ముందుకేసుకుని..."

పిల్ల దిగింది. జడ ముందుకే ఉంది.

"ఇప్పుడు... పాట..."

పాట రాలేదు. మెట్ల మీదున్న పిల్ల ఉన్నట్టుండి గుమ్మం దగ్గర కూలబడి ఏడుస్తూ కనబడింది.

వెనక ఊపిరి ఆగింది. చల్లటి వేళ్లు బాబాయి భుజమ్మీద పడ్డాయి.

"పాట... కోసిందెవర్రా?"

"నే... నేనే..."

"ఎందుకు?"

"బస్సు... వెళ్లిపోతుందని..."

ఇరవై ఏళ్లలో ఆయన ఒప్పుకున్న నిజం అదొక్కటే.

టార్చి దానంతటదే వెలిగిందంటాడు బాబాయి. చేతిలో నొక్కుకుపోయి ఉంటుంది. ఆ వెలుతుర్లో చూస్తే —

ఓనరు తల్లి!

ఎనభై ఏళ్ల మనిషి. వెలుగు మొహాన పడినా రెప్ప కొట్టలేదు. చూపు పోయి మూడేళ్లు. మెట్ల మీద పడతావని కొడుకు ఇల్లు కదలనివ్వడు. ఆయన టికెట్ల గదిలో ఉన్నప్పుడు, వెనక మెట్లు తడుముకుంటూ రోజూ వచ్చేస్తోంది.

"పైకి చెప్పుకుంటేగానీ కనబడదురా నాకు" అంది మెల్లగా. "ఆ పాటలోనే వాడు దాన్నొదిలి వెళ్లిపోతాడు. పాట లేకపోతే అదెందుకు ఏడుస్తోందో వీళ్లకేం తెలుస్తుంది?"

ఆ పిల్లది ఉత్త ఏడుపుగొట్టు వేషమని హాలంతా చాటింది బాబాయే.

"ముక్కలున్నాయా, పారేశావా?"

"డబ్బాలో ఉన్నాయమ్మగారూ."

"రేపటికల్లా అతికించు. హాలు సంగతి నేను చూసుకుంటా. ఇది నా పేరు మీదుంది."

శుక్రవారం పాట పూర్తిగా వచ్చింది. హాలు గోడౌను కాలేదు. కొడుకు ఇంటికెళ్లి దస్తావేజులు ఒకసారి చూసుకుని, తల్లి మాట జవదాటకూడదని తెలుసుకున్నాడు.

పైనున్నది దెయ్యం కాదని అందరికీ తెలిసిపోయింది. అయినా బాల్కనీ నిండిందా? దెయ్యమన్న రోజుల్లో పందెం కాసైనా ఒకరిద్దరు పైకెక్కేవాళ్లు. కథంతా కంఠతా వచ్చిన మనిషి, పైగా నోరు మూసుకోమనడానికి లేని ఓనరు తల్లి అని తెలిశాక — అంత గుండె ధైర్యం ఎవరికీ లేకపోయింది.