ప్రార్థన లేని సభ

“ఆ పుస్తకాల మీద చెయ్యి వేశారంటే మర్యాదగా ఉండదు,” అంది రోనా.

లాక్లన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గ్లాస్గో శివార్లలోని ఆ ప్రెస్బిటేరియన్ చర్చి పాత రికార్డులను ఎడిన్‌బరో భాండాగారానికి తరలించడానికి వచ్చాడతను. రోనా సంఘ పెద్దల సభకు కార్యదర్శి. బీరువా తాళం ఆమెదే.

“బూజు చూడండి. ఈ బాప్తిస్మాల పుస్తకాలు మరో చలికాలం దాటవు.”

“అందులో ఉన్నది మా తాతముత్తాతలు. బూజు మేమే దులుపుకుంటాం.”

“దులిపితే పేర్లు కూడా రాలిపోతాయండీ.”

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

పెద్దల సభ ఒప్పుకుంటేగానీ పుస్తకం కదలదు. ఆలోగా వాటిని ఆరబెట్టడానికి అతను వారం వారం వచ్చాడు, వానలో తడుస్తూ. ఆమె టీ ఇచ్చేది. అతను పాత సభల పుస్తకంలోంచి చదివి వినిపించేవాడు: ఎప్పుడో ఆదివారం నాడు ఈల వేశాడని ఒక కుర్రాణ్ణి పెద్దలు నిలదీశారట.

“ఈలకే ఇంత గొడవా?”

“ఎవర్ని చూసి వేశాడో రాయలేదు మరి.”

ఆకులు రాలే వేళకు రోనాకు ఒక సంగతి తెలిసొచ్చింది. పుస్తకాలు వెళ్లిపోతే ఈ మనిషికి ఇక్కడ పనేముంది?

సభ రోజున చర్చి కప్పు కారింది. పెద్దలు కుర్చీలు ఎత్తుకుని వంటగదిలోకి పరుగెత్తారు. ఆ హడావుడిలో పాస్టరుగారు ప్రార్థన చేయకుండానే సభ మొదలుపెట్టారు. గుర్తు చేయాల్సింది కార్యదర్శి. రోనా నోరు తెరిచింది. మూలన కూర్చున్న లాక్లన్‌ను చూసింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

పుస్తకాలు ఇచ్చేయాలని ఒక్కరు తప్ప అందరూ చేతులెత్తారు. అప్పుడు ఆమె తండ్రి మర్డో లేచాడు. పెద్దల్లో ఆయనంత మొండి ఘటం లేడు.

“ప్రార్థన ఎవరు చేశారు?”

పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ప్రార్థన లేనిది సభే కాదు. సభ కానప్పుడు తీర్మానం ఎక్కడిది? వచ్చే నెల మళ్లీ రావయ్యా అబ్బాయ్.”

ఆ నెలలో ఒక పుస్తకం అట్టను బూజు తినేసింది. రోనా ఆ అట్ట ముక్కలు ఏరి కాగితంలో చుట్టింది. నోరు మూసుకోవడం అబద్ధం కాకపోవచ్చు. అబద్ధానికి చెల్లెలు.

మరుసటి నెల పాస్టరుగారు ఒకటికి రెండు ప్రార్థనలు చేశారు. పుస్తకాలు వ్యాను ఎక్కాయి.

“లాక్లన్, ఆ రోజు ప్రార్థన మరిచారని నాకు తెలుసు. కావాలనే చెప్పలేదు.”

“పుస్తకాలు పోతాయనా?”

“నువ్వు పోతావని.”

అతను ముఖం మీది వాన తుడుచుకోవడం మరిచాడు.

“నేనూ ఒక పాస్టరు కొడుకునే రోనా, మా ఊళ్లో. ఇలాంటి సభల పక్క గదిలోనే ఎక్కాలు నేర్చుకున్నాను. ప్రార్థన లేని సభ చెల్లదని నాకు తెలియదనుకున్నావా?”

“మరి నువ్వెందుకు చెప్పలేదు?”

“నువ్వెందుకు చెప్పలేదో అందుకే.”

వెనక ఎవరో దగ్గారు. మర్డో, చివరి పెట్టెతో.

“అంటే, కూడబలుక్కోకుండానే ఇద్దరూ ఒకే తప్పు చేశారన్నమాట.” పెట్టెను లాక్లన్ చేతుల్లో కుదేశాడు. “పెళ్లినాడు మాత్రం ప్రార్థన సంగతి నేనే గుర్తు చేస్తా. మిమ్మల్ని నమ్మను.”