అందని మనోవర్తి

మదనపల్లె టమోటా మార్కెట్. పొద్దున ఏడు గంటలు.

లారీకి క్రేట్లు ఎత్తుతున్న మనిషి భుజం మీద చెయ్యి పడింది.

"భానుప్రకాశ్ నువ్వేనా?"

"అవును సార్."

"పుంగనూరు ఎస్సై రెడ్డెప్పను. నీ మీద వారెంట్ ఉండాది. పద."

క్రేటు జారింది. టమోటాలు మట్టిలో దొర్లాయి.

ఇలాంటి వారెంట్లు రెడ్డెప్పకు కొత్త కాదు. భార్యాభర్తలు విడిపోతారు. బిడ్డకు నెలనెలా మనోవర్తి కట్టమని కోర్టు చెబుతుంది. మగవాడు కొన్నాళ్లు కట్టి మానేస్తాడు. ఆమె మళ్లీ కోర్టుకెక్కుతుంది.

కానీ ఈ మనిషి పారిపోవాలని చూడలేదు. అయోమయంగా చూశాడు.

"వారెంటు యాల సార్? నేను నెలనెలా డబ్బు పంపిస్తానే ఉండాను కదా!"

"నీ భార్య స్వర్ణకు ఏడాదిగా ఒక్క రూపాయి అందలేదంట."

"అబద్ధం సార్! ఒక్క నెల కూడా తప్పలేదు. అరుణ్ కుమార్‌ని అడగండి."

మార్కెట్ గేటు పక్కన అరుణ్ కుమార్‌ది రీచార్జ్ అంగడి. భానుప్రకాశ్ దగ్గర ఉన్నది బటన్ ఫోన్. కూలి డబ్బులు తెచ్చి అరుణ్ చేతిలో పెడతాడు. అరుణ్ తన ఫోన్ నుంచి స్వర్ణ నంబరుకు పంపిస్తాడు.

"పంపినావా? నువ్వే మింగినావా?" భానుప్రకాశ్‌ని వెంటబెట్టుకుని అంగడికి వెళ్లి రెడ్డెప్ప అరుణ్‌ని నిలదీశాడు.

అరుణ్ ముఖం పాలిపోయింది. ఫోన్ తీసి చూపించాడు. "మీరే చూడండి సార్. స్వర్ణక్క, పుంగనూరు. ప్రతి నెలా సక్సెస్ అనే ఉండాది."

రెడ్డెప్ప స్క్రీన్ వైపు చాలాసేపు చూశాడు. ఆ నంబరు రాసుకున్నాడు.

"స్వర్ణకు నువ్వెప్పుడైనా ఫోన్ చేసినావా?" భానుప్రకాశ్‌ని అడిగాడు.

"లేదు సార్. ముందు తాగి ఫోన్లు చేసి సతాయించేవాణ్ణి. ఇంక చెయ్యనని జడ్జి ముందర మాటిచ్చినా. తాగుడు కూడా మానేసినా. డబ్బు అందితే చాలనుకుంటి."

"బిడ్డతో మాట్లాడి ఎన్నాళ్లయింది?"

అతను లారీ దగ్గరికి తిరిగి నడిచాడు. మట్టిలోని టమోటాలు ఏరడం మొదలుపెట్టాడు.

రెడ్డెప్ప అతణ్ణి కోర్టులో హాజరుపరిచి సంగతి విన్నవించాడు. విచారణకు రెండు రోజులు గడువు దొరికింది.

పుంగనూరులో స్వర్ణ ఒంటరిగా జాకెట్లు కుడుతూ కూతురు ప్రీతిని చదివిస్తోంది. ఎస్సై మాట వినగానే మిషన్ ఆపేసింది.

"ఆ మాటలు నమ్ముతారా సార్? బ్యాంకు పుస్తకం సూడండి. యాడన్నా పడిందా?"

పడలేదు. ఏడాది కిందటి దాకా పడింది. ఆ తర్వాత ఏమీ లేదు.

"సిమ్ మార్చినావామ్మా?"

"ఆయన ఫోన్లు పడలేక మార్చేసినా. మార్చినాక కూడా కొన్నాళ్లు డబ్బులు వచ్చినాయి సార్. అకౌంట్ అదే కదా, ఇంకేముందిలే అనుకుంటి."

"డబ్బు ఆగినప్పుడు అడగలేదా?"

"మమ్మల్ని మరిచిపోయినోణ్ణి ఏమని అడిగేది? కోర్టుకే పోతి."

బయటికి వచ్చి రెడ్డెప్ప ఆ పాత నంబరుకు ఫోన్ చేశాడు. రెండుసార్లు మోగింది. ఒక ఆడగొంతు పలికింది. "ఎవరండీ?"

మర్నాడు పదకొండు గంటలకు పుంగనూరు స్టేషన్‌లో నలుగురు కూర్చున్నారు. స్వర్ణ, భానుప్రకాశ్ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. అరుణ్ కుమార్ చెమట తుడుచుకుంటున్నాడు. నాలుగో మనిషి కుప్పం నుంచి బస్సులో వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. పేరు జాస్మిన్. మెస్‌లో వంట చేస్తుంది.

"ఈమె ఎవరు సార్?" స్వర్ణ అడిగింది.

"చెప్తా." రెడ్డెప్ప అరుణ్ ఫోన్ తీసుకున్నాడు. "పైన ఏముండాది?"

"స్వర్ణక్క, పుంగనూరు."

"అది నువ్వు సేవ్ చేసుకున్న పేరు. కింద సన్న అక్షరాల్లో ఉండేది బ్యాంకులో రాసుండే అసలు పేరు. చదువు."

అరుణ్ చదివాడు. "జాస్మిన్..."

"స్వర్ణ వదిలేసిన నంబర్ని ఫోన్ కంపెనీ కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చింది. ఆ సిమ్ కుప్పంలో ఈమె కొన్నది. తన బ్యాంకుకు కలుపుకున్నది. ఆ నెల నుంచి నీ డబ్బు ఈమెకు పోతాండాది. దొంగ ఎవరూ లేరు. ఆ కింది పేరు ఒక్కరూ చదవలేదు, అంతే."

స్వర్ణ చివాలున లేచింది. "ఊరికే వచ్చే డబ్బు ఎవరిదని అడగవా అమ్మా? నా బిడ్డ ఫీజు కట్టలేక నేను చెవికమ్మలు అమ్మితి!"

జాస్మిన్ తలెత్తింది.

"ఎవరిదో తెలుసనుకుంటినమ్మా. మాయన శరత్ బాబు. మమ్మల్ని వదిలేసి పోయినాడు. మదనపల్లె మార్కెట్లో ఉండాడని చెప్పినారు. నేనూ మెయింటెనెన్స్ కేసు వేస్తి. ఒక్క నెల కూడా కట్టలేదు. అంతలోకే మదనపల్లె అంగడి పేరుతో డబ్బు వచ్చింది. మనసు మారినాడనుకుంటి. కేసు వాపస్ తీసుకుంటి."

"ఆయనకు ఫోన్ చెయ్యలేదా?" రెడ్డెప్ప అడిగాడు.

"ఆయన నంబరు లేదు సార్. అంగడికి చేద్దామనుకుంటి. చేస్తే కోపమొచ్చి మళ్లీ ఆపేస్తాడేమోనని భయం. జూన్‌లో డబ్బుతో పాటు 'పాప చెప్పులకి' అని మెసేజ్ వచ్చింది."

"ఆ మాట రాయమన్నది నేనేమ్మా," అన్నాడు భానుప్రకాశ్ మెల్లగా.

"మా పాపకూ అప్పుడు చెప్పులు లేవప్పా. ఆయనకెట్లా తెలిసిందా అని ఆ రోజంతా ఏడ్చినాను. మీ నాయన కొన్నాడని చెప్పి తొడిగినాను."

ఆమె రెడ్డెప్ప వైపు తిరిగింది.

"అంటే సార్... ఒక్క నెల కూడా ఆయన పంపలేదా?"

రెడ్డెప్ప లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

స్వర్ణ కూర్చుంది. జాస్మిన్ వైపు తిరిగింది. "నీ దగ్గర ఉండేటప్పుడు నా డబ్బు ఇద్దువులే అక్కా. ముందు నీ కేసు మళ్లీ వెయ్యి. మా లాయరమ్మ దగ్గరికి నేను తీసుకపోతా."

తర్వాత భర్త వైపు చూడకుండానే తన కొత్త నంబరు చెప్పింది. "ఆదివారం ప్రీతి ఇంట్లోనే ఉంటాది."

అతను అరచేతి మీద రాసుకున్నాడు.

రెడ్డెప్ప కోర్టుకు రిపోర్టు రాసి సంతకం పెట్టాడు. బయట జాస్మిన్ కుప్పం బస్సు కోసం నిలబడి ఉంది. ఆయన దగ్గరికి వెళ్లాడు.

"ఇంట్లో ఎవరన్నా ఉండారామ్మా?"

"నేనూ పాపే సార్." ఆమె కొంగు సర్దుకుంది. "మళ్లీ కేసు వేస్తే ఆయన దొరుకుతాడా సార్?"

బస్సు వచ్చి ఆగింది.

"వెతుకుతామమ్మా," అన్నాడు రెడ్డెప్ప. దొరుకుతాడని మాత్రం అనలేకపోయాడు.