సలహా మేడమ్ వదులుకున్న కేసు

కునుకు తీయడానికి మూడో వరుస మంచి చోటు కాదని అతనికి ఆ రోజే తెలిసింది. మొదటి వరుసవాళ్ళు ఎలాగూ నిద్రపోరు. చివరి వరుసవాళ్ళని ఎవరూ పట్టించుకోరు. మధ్యలోవాడే అడ్డంగా దొరికిపోతాడు.

ఆ పరిశోధనా సంస్థలో కాంట్రాక్టు మీద పనిచేసే వాళ్ళందరికీ ఒక రోజు ట్రైనింగ్ ఉంటుంది, పరిశోధనలో నిజాయితీ గురించి. తప్పించుకోవడానికి వీల్లేదు. అతను టమాటా ఆకుల తెగులు మీద పనిచేస్తాడు కాబట్టి ల్యాబులో అతని పేరు ఆకులబ్బాయి. తెల్లారకముందే లేచి మొక్కలకు మందు కొట్టి వచ్చాడేమో, భోజనం కాగానే ఏసీ చల్లదనానికి కళ్ళు మూతలు పడ్డాయి.

"మూడో వరుస, కిటికీ పక్కన. మీరేనండీ. ఇప్పటిదాకా నేనేం చెప్పానో కాస్త చెప్తారా?"

పాఠం చెప్పే అమ్మాయి నిలబడి చూస్తోంది. సంస్థలో సలహా గది నడిపేది ఆమే. అందరూ సలహా మేడమ్ అంటారు. అతను లేచి పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూశాడు. అక్కడ పిల్లి బొమ్మ తప్ప ఇంకేమీ లేదు.

"నిజం చెప్పాలంటే, వినలేదండి. నిద్రపోయాను."

గది గొల్లుమంది. ఆమె నవ్వలేదు గానీ పెదవి చివర ఏదో కదిలింది. పొద్దుటి నుంచి ఈ గదిలో వినపడిన జవాబుల్లో ఇదే అన్నిటికన్నా నిజాయితీగా ఉందని చెప్పి, కూర్చోమంది.

కూర్చున్నాక అతను కళ్ళు తెరిచే ఉంచాడు గానీ, చెవులు మాత్రం మళ్ళీ పడుకున్నాయి. సలహా గది ఎలా నడుస్తుంది, ఎవరి కేసు ఎవరు చూస్తారు అనే చివరి భాగమంతా అలాగే గాలికి పోయింది. దానికి ఎంత అనుభవించాలో అప్పటికి తెలియదు పాపం.

సాయంత్రం వాన పట్టుకుంది. అతను ఆకుల డబ్బా గుండెలకు హత్తుకుని బస్టాపుకు పరుగెత్తుకొచ్చేసరికి ఆమె గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. స్టాపు పైకప్పు జల్లెడలా కారుతోంది. ఆమె గొడుగు కొంచెం ఇటు జరిపింది. అతను థాంక్స్ చెప్పి, డబ్బాని గొడుగు కిందకు చాపి, తాను వానలోనే నిలబడ్డాడు.

"గొడుగు పట్టింది మీకండీ, డబ్బాకి కాదు."

"నేను తడిస్తే ఆరతాను. ఇవి తడిస్తే ఇన్నాళ్ళ పని నీళ్ళపాలు."

ఈసారి ఆమె నవ్వింది. ఆ నవ్వు బస్సు వచ్చేదాకా అతని పక్కనే ఉంది, ఇంటికొచ్చాక కూడా వదల్లేదు.

ఆ తర్వాత ఇద్దరికీ ఒకే బస్సు అలవాటైంది. బస్సు ఆలస్యమైతే క్యాంటీన్లో టీ. ఆమె ఒకప్పుడు చేపల మీద పరిశోధన చేసిందట. పక్క బల్లమీది మంచి కుర్రాడొకడు సలహా అడగడానికి మనిషి లేక తప్పుదారి పడితే, ఆ అడగదగ్గ మనిషి తానే ఎందుకు కాకూడదని ఇటు వచ్చేసిందట. అతను ప్రతిదానికీ ఒక రూలు ఉంటుందా అని ఏడిపించేవాడు. ఆమె మాత్రం, టీలో బిస్కెట్ ముంచితే విరగడానికి తప్ప అన్నిటికీ ఉంటుందనేది.

అతను అక్కా బావల దగ్గర ఉంటాడు. అన్నం వడ్డిస్తూ అక్క ఒకరోజు ఉండబట్టలేక అనేసింది.

"ఆ మేడమ్ ఏం తిందో, ఏమందో అన్నీ చెప్పేశావురా. ఎప్పుడు తీసుకొస్తావో అదొక్కటే మిగిలింది."

బావ పేపరు వెనకాల దగ్గాడు. అది నవ్వేనని ఇంట్లో అందరికీ తెలుసు.

కాంట్రాక్టు పొడిగించగానే ఆమెకు మనసులో మాట చెప్పేయాలని అతను నిశ్చయించుకున్నాడు. పొడిగింపు రావాలంటే పరిశోధనా పత్రికలో ఒక వ్యాసం అచ్చు కావాలి. అదీ అయింది. అక్కకు చూపించి గొప్పలు పోదామని లాప్‌టాప్‌లో బొమ్మలు పెద్దవి చేశాడు. రెండు రకాల మందులు కొట్టిన రెండు ఆకులు. రెండిటి అంచునా పురుగు కొరికిన గుర్తు ఒకే తీరుగా ఉంది. ఒక బొమ్మ నిలువుగా, ఇంకోటి తలకిందులుగా ఉంది, అంతే తేడా. తొందరలో ఒకే ఫొటోని రెండుచోట్ల అతికించేశాడు. మర్నాడే వెళ్ళి ల్యాబు నడిపే ప్రొఫెసర్ గారికి చెప్పాడు.

ఆయన తేలిగ్గా తీసుకున్నారు. ఎవరూ చూడరని, పొడిగింపు వచ్చాక తీరిగ్గా చూద్దామని, ఇప్పుడు కదిపితే ఉద్యోగానికే ఎసరొస్తుందని చెప్పారు. ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. అయినా అతనికి ముద్ద దిగలేదు. ఒకసారి ఆమె ముందు నిజం చెప్పి బతికి బయటపడ్డాడు కదా, ఆ ధైర్యంతోనే సలహా గది తలుపు తట్టాడు.

రెండు కుర్చీలు, ఒక కిటికీ ఉన్న చిన్న గది అది. తన వ్యాసంలో ఒక తప్పు దొర్లిందని మొదలుపెట్టాడో లేదో, ఆమె చెయ్యెత్తింది.

"ఆగండి. ఇంక చెప్పొద్దు. మీ కేసు నేను చూడకూడదు."

"ఎందుకండీ?"

"ఎందుకో క్లాసులో చెప్పాను. మీకు తెలుసు." ఆమె బల్ల మీది పెన్ను తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది. "మా పెద్దాయన చూస్తారు, మంచివారు. ఇది తేలేదాకా మనం క్యాంటీన్లో కూడా కలవకూడదు."

అతనికేం తెలుసు? మోసగాడితో టీ తాగితే ఆమె ఉద్యోగానికి మచ్చ అని కాబోలు అనుకున్నాడు. చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆ రోజు నుంచి ముందు బస్సుకే వెళ్ళిపోయేవాడు. కారిడార్లో ఆమె ఎదురొస్తే తల దించుకుని పక్క మెట్లు దిగేవాడు.

పెద్దాయన నిజంగానే మంచివారు. మొత్తం విని, చేసింది తప్పా మోసమా అని అడిగారు. అతను తేడా తెలియక బిక్కమొహం వేశాడు.

"తప్పయితే నువ్వే వచ్చి చెప్తావు. మోసమయితే నేను నిన్ను వెతుక్కుంటూ రావాలి. నువ్వే వచ్చావు కదయ్యా, కూర్చో."

కెమెరాలో రెండో ఆకు అసలు ఫొటో దొరికింది. ఇద్దరూ కూర్చుని పత్రికకు రాశారు. ప్రొఫెసర్ గారు చాలా రోజులు మాట్లాడలేదు. పొడిగింపు ఆగిపోయింది. పోతే పోనీ, ఇంకో ఉద్యోగం చూసుకోవచ్చని అక్క ఓదార్చింది. ఉద్యోగం సంగతి అతనికీ ఫరవాలేదు. ఆమె తనని దొంగ కింద జమకట్టిందన్నదే మనసులో ముల్లులా ఉండిపోయింది.

చివరికి పత్రికవాళ్ళు సవరణ వేశారు. అసలు ఫొటో పెట్టినా ఫలితం మారలేదు. సంస్థ కాంట్రాక్టు పొడిగించింది, అడిగినదాంట్లో సగం కాలానికే. దానికీ ఒక షరతు పెట్టింది, నిజాయితీ ట్రైనింగ్‌కు మళ్ళీ కూర్చోవాలి.

ఈసారి అతను మొదటి వరుసలో కూర్చున్నాడు. ఆమె గది నలుమూలలా చూస్తోంది గానీ అతని వైపు చూడటం లేదు. చూడకపోయినా, గొంతు వింటే చాలనిపించింది అతనికి. చివరి భాగం వచ్చింది.

"సలహా చెప్పేవాళ్ళు మూడు సందర్భాల్లో కేసు వదులుకోవాలి. వచ్చినవాళ్ళు బంధువులైతే. ఎప్పుడైనా కలిసి పనిచేసి ఉంటే." ఆమె నీళ్ళ గ్లాసు అందుకుంది. "లేదా ఆ మనిషి మీద మనసు ఉంటే. ఏ కారణమో పైవాళ్ళకి చెప్పి, కేసు తేలేదాకా దూరంగా ఉండాలి."

అతని చేతిలో పెన్ను జారి కింద పడింది. ఎవరో తీసిచ్చారు, మళ్ళీ పడింది.

అందరూ వెళ్ళిపోయారు. ఆమె ప్రొజెక్టర్ వైరు చుడుతోంది.

"ఒక డౌటండీ. మనం బంధువులం కాదు కదా?"

"కాదు."

"కలిసి పనిచేయలేదు కదా?"

"మీవి ఆకులు, నావి చేపలు. ఎక్కడ చేస్తాం?"

ఇంక అడగడానికేమీ మిగల్లేదు. చుట్టిన వైరునే ఆమె మళ్ళీ విప్పి చుట్టడం మొదలుపెట్టింది.

"నేను ఆ రోజే చెప్పేశాను. మీరు మొహం చాటేశారు. అదే మీ జవాబనుకున్నాను," అంది.

"నిజం చెప్పాలంటే, వినలేదండి. ఆ ముక్కప్పుడు కూడా నిద్రలోనే ఉన్నాను."

ఆమె తలెత్తి చూసింది. కోపం తెచ్చుకుందామని ప్రయత్నించి, వల్లకాక నవ్వేసింది. ఆ కారణం పెద్దాయనకు చెప్పడానికి తనకెంత తలకొట్టేసినట్టయిందో తెలుసా అని దెబ్బలాడింది. ఆయనేమన్నారని అతను అడిగాడు.

"'త్వరగా తేల్చేస్తాలేమ్మా' అన్నారు."

"తేల్చేశారు కదా. ఇప్పుడు నేనూ చెప్పొచ్చా? మీరంటే నాకు ఇష్టం. ఆ వానరోజు నుంచీ. పొడిగింపు రాగానే చెబుదామని కూర్చున్నాను, అంత తెలివితక్కువవాణ్ణి. మా అక్క అయితే మిమ్మల్ని ఎప్పుడు తీసుకొస్తావని చంపేస్తోంది."

ఆమె వైరు సంచిలో పెట్టి, లైటు తీసి, గొడుగు అందుకుంది. బయట సన్నగా చినుకులు పడుతున్నాయి.

"మీ అక్కకి చెప్పండి, ఆదివారం వస్తానని."

బస్టాపులో పైకప్పు ఇంకా అలాగే కారుతోంది. ఈసారి అతని చేతిలో డబ్బా లేదు. ఆమె గొడుగు జరిపింది, అతను కిందకు వచ్చాడు.