బాపు కాడ ఉన్నది

"వీరస్వామి నోరు విప్పాడా?" ఢిల్లీ నుంచి చీఫ్ అడిగాడు.

"లేదు సర్. ఇవాళ తొమ్మిదో సిట్టింగ్."

"లిస్టు ఎక్కడ దాచాడో ఆయనకొక్కడికే తెలుసు. ఏడు పేర్లు, నాగేష్. సరిహద్దు అవతల మన మనుషులు. అవతలివాళ్లకు ముందు దొరికితే ఏడు శవాలు. ఇంకోటి. ఆ గదిలోంచి సమాచారం బయటికి పోతోంది. లోపల ఎవరుంటారు?"

"నేను, పేషెంటు, టెక్నీషియన్ సుప్రజ. తను మన మనిషే సర్."

"అందుకే అడిగాను," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

2011 ఫిబ్రవరి. తెలంగాణ బంద్. తార్నాకలో షట్టర్లన్నీ దించి ఉన్నాయి. నాగేష్ ఆసుపత్రికి నడిచి వెళ్లి, రిజిస్టరులో ఎప్పట్లాగే 'మేనల్లుడు' అని రాశాడు. మూడు నెలల్లో వీరస్వామి కోసం వచ్చింది అతనొక్కడే. ఫైలు ప్రకారం వీరస్వామిది కాకినాడ, బంధువులు లేరు. ముప్పై ఏళ్లు ఆఫీసులో ఆయన 'అండీ' లేకుండా మాట్లాడలేదు. స్ట్రోక్ మెదడు ఎడమవైపు వచ్చింది. కుడి చెయ్యి, మాట పోయాయి.

సుప్రజ పట్టుచీర మీద తెల్లకోటు వేసుకుంది. ఆమె నవ్వితే డాక్టర్లు రిపోర్టుల్లో తేదీలు తప్పు రాసేవారు. నాగేష్ వాచీ, బెల్టు, గుండీలో మైకు బయట ట్రేలో పెట్టించింది. తన పెన్ను రికార్డరూ అందులోనే పెట్టింది. మెషీన్ అయస్కాంతపు కాయిల్ దగ్గరికి లోహం పోకూడదు. లోపలి మాట చెవితో వినాల్సిందే.

కాయిల్‌ను ఆమె వీరస్వామి తలకు కుడివైపు ఆనించింది. ఎడమ దెబ్బతిన్నాక కుడి అతిగా పనిచేసి దాన్ని లేవనివ్వదనీ, అయస్కాంతంతో కుడిని కాస్త అణిస్తే ఎడమ మళ్లీ మాట వెతుక్కోవచ్చనీ డాక్టర్ చెప్పాడు. హామీ మాత్రం ఇవ్వలేదు. సెకనుకు ఒక టిక్కు, మొత్తం పన్నెండు వందలు. నాగేష్ లెక్కపెట్టేవాడు. ఆ గదిలో అతనికి వేరే తోడు లేదు.

ఏడు వందల ముప్పై ఒకటి దగ్గర వీరస్వామి పెదవి కదిలింది.

"బాపు."

"ఏమిటండీ? మళ్లీ చెప్పండి," సుప్రజ వంగింది.

"బాపు... కాడ... ఉన్నది."

ఆమె మెషీన్ ఆపేసింది. "పేషెంటు అలిసిపోయారు. ఇవాళ్టికి చాలు."

ఏడు వందల నలభై. ఎనిమిది రోజుల్లో ఆమె ఒక్క టిక్కు తగ్గించలేదు. నాగేష్ కిటికీ దగ్గరికి వెళ్లేసరికి ఆమె స్కూటీ యూనివర్సిటీ క్యాంపస్ వైపు తిరుగుతోంది. అక్కడ గాంధీ విగ్రహం ఉంది.

నాగేష్ మంచం పక్కన కూర్చున్నాడు. కాకినాడలో ఎవరూ నాన్నను బాపు అనరు.

"మీ బాపు ఉన్నడా సార్?" అని అడిగాడు. ఆఫీసు మనిషితో తన ఊరి మాట మాట్లాడటం పదకొండేళ్లలో అదే మొదలు.

వీరస్వామి ఎడమ చేత్తో ఐదు వేళ్లు చూపించాడు. తర్వాత నాలుగు.

సోర్స్ నంబర్ తొమ్మిది. ఉప్పలయ్య, హాస్టల్ వాచ్‌మన్‌గా చేసి మానేశాడు, క్యాంపస్ అవతలి మాణికేశ్వర్ నగర్. నెలనెలా నాగేషే ఆ గుమ్మంలో పొగాకు పొట్లం పెట్టి వచ్చేవాడు. సోర్స్‌తో మాట్లాడకూడదన్నది రూలు. బంధువులు ఉండకూడదన్నదీ రూలే. అందుకని వీరస్వామి తండ్రిని ఇన్‌ఫార్మర్‌గా రాసుకున్నాడు.

రోడ్లకు ముళ్లకంచెలు వేసి ఉన్నాయి. నాగేష్ క్యాంపస్‌లోంచి, విగ్రహం దగ్గరి దీక్షా శిబిరం పక్కనుంచి నడిచాడు.

ఉప్పలయ్య గుమ్మంలోనే ఉన్నాడు. "పొగాకు పెట్టి ఉరుకుతవ్ గద. ఇయ్యాల నిలవడ్డవేంది?"

"మీ కొడుకు ఇచ్చిన కాగితం గావాలె తాతా."

"వానికి తప్ప ఎవలికీ ఇయ్యద్దన్నడు."

"బాపు కాడ ఉన్నదని ఆయనే చెప్పిండు."

ముసలాయన గుమ్మంలోంచి లేచాడు. "గట్లన్నడా? అయితే వాడే." లోపలికి వెళ్లి బియ్యం కుండలోంచి కాగితం తీశాడు.

నాగేష్ ఏడు పేర్లు రెండుసార్లు చదివాడు. మూడోసారి కళ్లు మూసుకుని చెప్పుకున్నాడు. కాగితం పొయ్యిలో పెట్టాడు. అది అంటుకుంటుండగా సుప్రజ గడప దాటింది. చేతిలో పిస్టల్ ఉంది.

"బాపు కాడ ఏముందని అడిగితే విగ్రహం దగ్గర పిల్లలు నన్ను చూసి నవ్వారు. 'బాపు అంటే మా నాయన మేడం' అన్నారు. అప్పుడే మీరు అటుగా పోతూ కనిపించారు. లిస్టేది?"

నాగేష్ పొయ్యి చూపించాడు.

"అయితే ఇప్పుడు మీరే లిస్టు. నడవండి."

"రాను. కాల్చుకో. క్యాంపస్ గేటు దగ్గర రెండు వందల మంది పోలీసులున్నారు. పొద్దున్నించి ఒక్క చప్పుడు కోసమే చూస్తున్నారు."

ఆమె వింది. బయట నినాదాలు. గల్లీలో ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. పిస్టల్‌ను కుండ మూత మీద పెట్టింది.

"తొమ్మిది రోజులు కాచుకు కూర్చున్నాను," అంది. "తెలుగే కదా అనుకున్నాను."

నాగేష్ పిలిపించిన కానిస్టేబుళ్లు ఆమెను తీసుకెళ్లాక ఉప్పలయ్య అడిగాడు. "మావోడు పోయిన దసరాకు వచ్చి, విమానం టైమైందని చాయ్ సుత తాగకుండ పోయిండు. దుబాయ్‌కెళ్లి ఫోన్ జేసిండా?"

నాగేష్‌కు రూలు గుర్తుంది.

"ఫోన్ గాదు తాతా. తార్నాకల ఉన్నడు. నడిస్తే ఇరవై నిమిషాలు. మాట సక్కగ రాదు."

ఉప్పలయ్య మూలనున్న కర్ర అందుకున్నాడు.

"వాడు వొయ్యి ముప్పై ఏండ్లాయె," అన్నాడు చెప్పులు తొడుక్కుంటూ. "దుబాయ్ గింత దగ్గర్కి ఎప్పుడొచ్చె?"