గోడకెక్కిన పన్నె

తిప్పేస్వామి మగ్గాన్ని మూలపడేసింది అతని కొడుకే. దీనికి ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు.

తిప్పేస్వామి ఉరుకుంద గుడి దగ్గర మూడు రోజులుండి, పొద్దున్నే మొదటి బస్సుకు ఎమ్మిగనూరులో దిగి ఇల్లు చేరాడు. ముందు గది ఎవరిదో అనిపించింది. పైన తెల్లటి ఫాల్స్ సీలింగు, అంచుల వెంట దాచిన దీపాలు, మగ్గం గుంట ఉన్నచోట టైల్సు. అంతవరకు అతను ఒప్పుకున్నదే. మగ్గం ఇంటి వెనకున్న రేకుల షెడ్డుకు పోవాలి, ముందు గది కోడలి ఇష్టం. కానీ టీవీ పక్కన గోడకు, పసుపు వెలుగులో, పోగులు దూర్చే మగ్గం పన్నె వేలాడుతోంది.

కోడలు మమత కాఫీ తెచ్చింది. "ఎట్లుంది మామా? ఇప్పుడు అందరిండ్లల్లో పాత సామాన్లే ఫ్యాషను. ఆదోనిలో మా పిన్నోళ్ళు హాల్లో బండి చక్రం పెట్టినారు. మనకు మగ్గమే ఉండాది కదా!"

అతను కాఫీ ముట్టలేదు. పన్నె మీద వేలు పెట్టి జరిపాడు. దువ్వెన పళ్ళలాంటి ఆ సందులన్నీ ఖాళీ.

"దీంట్లో పోగులు యాడరా?"

కొడుకు ఈరేష్ ఆఫీసుకు పోవడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "దుమ్ము పట్టిన పీలికలు నాయనా. కత్తిరించి తీసేసినా. విళ్ళల్లోవి గూడా లాగేసి, బ్రష్షుతో ఒక్కో సందు తుడిచినా."

చీర కోసినాక పన్నెలోనూ, దాని వెనక పోగుల్ని ఎత్తి దించే విళ్ళలోనూ జానెడు పోగులు వదిలేస్తారు. నిలువు పోగుల కొత్త పడుగు వస్తే ఆ కొసలకే ఒక్కో పోగు అతుకుతారు. కొసలు పోతే రెండు వేల పోగులూ మొదటినుంచి దూర్చుకోవాలి. ఆరేళ్ళ కింద ఆ పన్నె కొన్నప్పుడు అన్నీ దూర్చింది అతని భార్య హంపమ్మ. తర్వాత ప్రతి పడుగూ, వేళ్ళకు బూడిద అద్దుకుని, ఆమే అతికింది. ఆమె పోయి పదకొండు నెలలు. ఆమె అతికిన చివరి పడుగు కోశాక, మగ్గం మీద చెయ్యి ఆడకపోతే పగలు ఎలా గడపాలో అతనికి తెలియలేదు. ఈ వారమే కొత్త పడుగు తెచ్చుకున్నాడు.

"మీ అమ్మ పెట్టిన పోగులు రా అవి! నేసేటోని కడుపున పుట్టినావు, అంత గూడా తెలీదా? పక్కింటి శేషన్న మనవరాలికి తెలుసు!"

"నాకు సెప్పిందెవరు నాయనా?" ఈరేష్ గొంతు లేచింది. "ఎనిమిదో తరగతిలో మగ్గం మీది నాడె పట్టుకున్నానని కట్టెతో కొట్టినావు. గుంట కాడికొస్తే కాళ్ళిరగ్గొడతానంటివి. పోగులందియ్యమని అమ్మ నన్ను పిలిస్తే, వాన్ని సదువుకోనియ్యే అని అమ్మను తిడితివి. ఇప్పుడు తెలీదా అని అడుగుతాండావు!"

తిప్పేస్వామి దానికి చుట్టిన లైటు వైర్లతో సహా పన్నెను గోడనుంచి లాక్కుని షెడ్డుకు పోయాడు.

అక్కడి మగ్గానికి పన్నె బిగించి, ఒక పోగు తీసుకుని విల్లు కంటి సన్నటి రంధ్రంలో దూర్చబోయాడు. ఆ రంధ్రం కనబడలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ప్రయత్నించాడు. తొమ్మిదిసార్లు పోగు పక్కకు పోయింది. కొడుకు అన్న ప్రతి మాటా నిజం. ఈ బతుకు వానికొద్దని తలుపు మూసింది తనే. పోగు చేతిలో పట్టుకుని, పెద్దరికమంతా వదిలేసి ఏడ్చాడు.

వెనక అడుగుల చప్పుడు. ఈరేష్ వచ్చి మగ్గానికి అవతల కూర్చున్నాడు.

"ఆఫీసు?"

"లీవు పెట్టినా. దేంట్లో దూర్చాల, సెప్పు."

తండ్రి పోగు అందించాడు. "ముందు విల్లు కన్ను. తర్వాత పన్నె సందు. సందుకు రెండేసి."

మధ్యాహ్నానికి అరవై పోగులు దూరాయి. అందులో ఏడు తప్పు. "పీకు," అన్నాడు తండ్రి ప్రతిసారీ. ఈరేష్ పీకాడు. మమత అన్నం అక్కడికే తెచ్చి, ఓ మూల నిలబడింది.

శేషన్న గోడ మీదుగా తొంగి చూశాడు. "ఏం తిప్పన్నా, మళ్ళా మొదటికొచ్చినావే! పోగులు కోసిందెవరప్పా?"

ఈరేష్ తల వంచుకున్నాడు.

"పని సూస్కో శేషన్నా," అన్నాడు తిప్పేస్వామి, తల తిప్పకుండా. "ఆ మాట ఇంక నన్నెవరూ అడగొద్దు. నేను సచ్చేదాకా సెప్పను."

ఇంకో పోగు అందించాడు.